అప్పీలు న్యాయవాది సేవ: న్యూజెర్సీలో మా అనుభవం
న్యూజెర్సీలో రికవరీ కోర్టు (మత్తుకు బానిసైన నిందితులను జైలుకు బదులు చికిత్సకు పంపే కోర్టు) పర్యవేక్షించే చికిత్స పూర్తిచేయలేక జైలు శిక్ష పడిన మా పిన్ని కొడుకు కోసం ఒక అప్పీలు న్యాయవాదిని పెట్టుకున్నాము. అప్పీలుకు 45 రోజులే గడువని ఆయన తొలిరోజే చెప్పి, చాలా ముందుగానే దాఖలు చేశారు. వివాదం శిక్ష గురించి మాత్రమే అయితే సుదీర్ఘ లిఖిత వాదనలు లేకుండా మౌఖికంగానే వింటారని, కొత్త సాక్ష్యం తీసుకోరని, అబ్బాయి మళ్లీ మత్తుకు ఎందుకు లోనయ్యాడన్న కథకంటే, శిక్ష వేసేటప్పుడు జడ్జి అన్ని అంశాలనూ సరిగా తూచారా అన్నదే ముఖ్యమని ఓపికగా వివరించారు; పిన్నికి మాత్రం అది మింగుడుపడలేదు. ఫీజు ఎక్కువే, పైగా కోర్టు విచారణలో మాట్లాడినదంతా రాసిన ప్రతుల ఖర్చు వేరని ఆలస్యంగా తెలిసింది. అయినా గెలిపిస్తానని ఒక్కసారీ మాట ఇవ్వకపోవడమే నాకు నచ్చింది.