కింగ్‌డమ్ ఇంటర్‌లీనియర్ (1985 ముద్రణ): ఎడమ కాలమ్ చదవండి

త్రిత్వాన్ని నమ్మని యెహోవాసాక్షులు వేసిన గ్రీకు-ఇంగ్లీషు కొత్త నిబంధనే గానీ, త్రిత్వ వాదనలో (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడా అన్న తగువులో) రెండు పక్షాలకూ పనికొస్తుంది. ఎడమ కాలమ్‌లో గ్రీకు, దాని కిందే మాటకు మాట ఇంగ్లీషు. కుడివైపు వాళ్ల అనువాదం.

యోహాను 1:1 తీయండి. వాక్యాన్ని (అంటే యేసును) 'థెయోస్' (దేవుడు) అన్నచోట, దాని ముందు 'హో' (ఇంగ్లీషు 'the' లాంటి ఉపపదం) లేదు, కాబట్టి కుడివైపు 'ఒక దేవుడు' అని పెట్టారు. అయితే క్రియకు ముందొచ్చే ఇలాంటి పదానికి ఆ ఉపపదం లేకపోవడం గ్రీకులో మామూలే. అదొక్కటే ఏదీ తేల్చదు. కొలొస్సయులు 1:16లో కుడివైపు బ్రాకెట్లలో 'ఇతర' కనిపిస్తుంది ('ఇతర' సమస్తం అంటే క్రీస్తూ సృష్టిలో ఒకడవుతాడు), గ్రీకు కింద ఆ మాటే లేదు. పుస్తకం తన గుట్టు తానే విప్పడమంటే ఇదే.

అసలు తగువు 'ప్రోస్కునేఓ' అనే గ్రీకు క్రియ దగ్గర. మత్తయి 4:10లో దేవునికి చేసేటప్పుడు దాన్ని ఆరాధన అన్నారు, హెబ్రీ 1:6లో దూతలు కుమారునికి చేసేటప్పుడు వంగి నమస్కరించడం అన్నారు. 1961 ముద్రణలో హెబ్రీలోనూ ఆరాధనే! అలాగని తొందరపడొద్దు: త్రిత్వవాదులు చదివే పాత తెలుగు బైబిలూ మొదటిచోట 'మ్రొక్కి', రెండోచోట 'నమస్కారము' అనే అంటుంది.

లోపాలు: గ్రీకు పాఠం 1881 నాటి వెస్ట్‌కాట్, హోర్ట్ అనే పండితులది, ఇంగ్లీషు రాకపోతే కష్టం.