గంగమ్మ జాతరకు ఏ రోజు రావాలి, ఎక్కడ దిగాలి

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వారం పాటు జరుగుతుంది. బయటూళ్ల వాళ్లు ఎక్కువగా ఆఖరి మంగళవారమే వస్తారు. ఆ ఒక్కరోజు క్యూలో నిలబడి అమ్మవారికి దండం పెట్టుకుని వెళ్లిపోతే జాతర సగం కూడా చూడనట్టే. అసలు జాతర భక్తులు వేసే వేషాల్లో ఉంది, ఆ వేషాలు వీధుల్లో ఉంటాయి.

మొదటి మంగళవారం అవిలాల నుంచి అమ్మవారికి పుట్టింటి సారె వస్తుంది, అర్ధరాత్రి చాటింపు వేస్తారు. బుధవారం బైరాగి వేషం, ఒంటినిండా నామంకొమ్ము, అంటే నామాలు పెట్టుకునే తెల్లసుద్ద. గురువారం బండ వేషానికి కుంకుమ. ఆ రోజు చెవినపడే బూతులు మొక్కులో భాగమే, ఎవరూ తప్పుపట్టరు. శుక్రవారం తోటి వేషం, ఒంటికి బొగ్గుపొడి, నడుముకు వేపమండలు. శనివారం దొర, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపు కుండల వేషం.

రెండు రోజులే వీలైతే శని, ఆదివారాలు ఎంచుకోండి. కథ మలుపు తిరిగేది అక్కడే. ఆడవాళ్లను చెరపట్టిన పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. ఆమె రోజుకో వేషంలో వెతుకుతుంది. గంధం పూసుకుని, నిమ్మకాయల దండ వేసుకుని దొరలా వస్తే, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొస్తాడు. తల తెగుతుంది. మర్నాడు మాతంగిగా వెళ్లి వాడి భార్యను ఓదారుస్తుంది. చంపిన చేత్తోనే కన్నీళ్లు తుడిచే ఈ అమ్మవారి కోసమే మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధిలోకి వస్తారు. ఎండ ముదరకముందే, పొద్దున్నే చూడాలి.

బసకు కొండమీద గది పనికిరాదు. అర్ధరాత్రి దాటాక ఘాట్‌రోడ్డు మూసేస్తారు, ఆఖరి మంగళవారం రాత్రి మట్టితో చేసే అమ్మవారి పెద్ద రూపం, విశ్వరూపం, ఆ వేళకే. రైల్వేస్టేషన్ ఎదుట విష్ణునివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం టీటీడీవి. దొరికితే అంతకన్నా మేలు లేదు, కానీ వేసవి సెలవుల్లో దొరకడం కష్టం. ప్రైవేటు లాడ్జి అయితే గుడికి నడిచి వెళ్లేంత దూరంలో చూసుకోండి. ఆఖరి రోజు ఆటోలు గుడిదాకా రావు.

తిండికి సంగటి, చెనక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి). సంగటి బాగుందో లేదో వేలితో నొక్కితే తెలుస్తుంది: ముద్ద మెత్తగా అణగాలి, లోపల పొడిపిండి తగలకూడదు. అన్నం మెత్తగా ఉడికాక రాగిపిండి పైన పోసి, కదపకుండా మూతపెట్టి ఐదారు నిమిషాలు మగ్గనిచ్చాకే కట్టెతో గెలకాలి. తొందరపడి వెంటనే కలిపితే ఉండలు కడుతుంది. రద్దీ హోటళ్లలో జరిగేది ఇదే. మధ్యాహ్నం మజ్జిగ, ఉల్లిపాయ కలిపిన అంబలి తాగితే ఎండకు తట్టుకుంటారు.

మంగళవారం రాత్రి పసిపిల్లలతో, ముసలివాళ్లతో రావద్దు. తోపులాట ఎక్కువ. బుధవారం తెల్లవారుజామున ఆ విశ్వరూపం చెంప తొలగిస్తారు. ఆ మట్టే ప్రసాదం. చిటికెడు దొరికినా కట్టుకోవడానికి చిన్న గుడ్డముక్క వెంట ఉంచుకోండి.