పట్టాయాలో చవక హోటల్: కొన్ని నెలల కాపురం తర్వాత

థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో, బార్లకి పేరుపడ్డ ఆ ఊళ్లో, ఉన్నానని చెప్పగానే అవతలివాళ్ల మొహంలో ముసిముసి నవ్వొకటి కనిపిస్తుంది. దానికి అలవాటు పడిపోయాను. నా పని లేమ్ చబాంగ్ రేవు వైపున్న ఒక ఫ్యాక్టరీలో. కంపెనీ బసకిచ్చే డబ్బులు అంతంతమాత్రం. రేవు పక్కన సాయంత్రం ఏడు దాటితే పలకరించే నాథుడుండడు. పట్టాయా చూస్తే పట్టుమని ముప్ఫై కిలోమీటర్లు కూడా లేదు. అలా సోయ్ బువాఖావ్ అనే వీధి పక్క సందులో ఒక చవక హోటల్లో దిగాను. ఎండలు, సోంక్రాన్ అనే నీళ్ల పండగ, వానలు అన్నీ అక్కడే గడిచాయి. హోటల్ పేరు రాయడం లేదు. ఐదంతస్తులు, లిఫ్టు లేదు, కింద చిన్న కౌంటరు, బయట రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ చుట్టుపక్కల ఇలాంటివి వరసగా ఉంటాయి, తేడా బోర్డు రంగులోనే. కాబట్టి నేను చెప్పేది కొంచెం అటూ ఇటూగా అన్నిటికీ పనికొస్తుంది.

ఇచ్చిన డబ్బుకి గిట్టుబాటే. కాకపోతే ఏ హోటల్ అన్నదానికంటే అందులో ఏ గది అన్నదే ముఖ్యం. ఒకే హోటల్లో, ఒకే అద్దెకి మూడు గదులు మారాను. మూడూ మూడు వేరే ఊళ్లలా అనిపించాయి.

మొదటిది మూడో అంతస్తులో, సందు వైపు. బాల్కనీ, గాలీ వెలుతురూ, ఎదురుగా చెట్టు. పగలు చూపించారు, వెంటనే సరేనన్నాను. రాత్రి తొమ్మిదయ్యాక తెలిసింది చెట్టు వెనక బార్ ఉందని. పాటలతో పెద్ద బాధ లేదు, కాసేపటికి చెవులు సర్దుకుంటాయి. గంటతోనే చావు. ఈ బార్లలో కౌంటరు పైన ఒక ఇత్తడి గంట వేలాడుతూ ఉంటుంది. ఎవరైనా దాన్ని మోగించారంటే అక్కడున్న సిబ్బందికీ, కూర్చున్నవాళ్లకీ అతని ఖర్చుతో మందు. గంట మోగగానే కేకలు, ఈలలు. సరిగ్గా కన్ను అంటుకునే వేళకి ఏ దానకర్ణుడో లేచి మళ్లీ కొడతాడు. రెండు దాటాక బార్ సద్దుమణిగితే బైకులు మొదలు. వాటి తర్వాత తెల్లవారుజామున తోపుడుబండ్ల వాళ్లు.

రెండోది వెనక వైపు. వీధి గోల లేదు. కానీ ఆ పక్క ఇంట్లో కోళ్లు పెంచుతున్నారు. పుంజుకి తెల్లవారడంతో సంబంధం లేదని, అర్ధరాత్రి ట్యూబులైటు వెలిగినా కూస్తుందని అక్కడే చూశాను. పైగా పై గదుల ఏసీ యూనిట్లన్నీ ఆ గోడకే బిగించారు. రాత్రంతా బుర్రుమని ఒకటే మోత, నీళ్ల చుక్కలు రేకు మీద టపటపా.

మూడోది హోటల్ పక్క గోడ వైపు. కిటికీ తీస్తే చేయి చాచినంత దూరంలో పక్క భవనం గోడ. వెలుతురు లేదు, చూడ్డానికి ఏమీ లేదు. కౌంటర్లో ఉండే ఆవిడ మొహమాటంగానే చూపించింది. నాకు మాత్రం అదే స్వర్గం. పగలంతా ఫ్యాక్టరీలో ఎండ చాలినంత దొరుకుతుంది, రాత్రికి కావలసింది చీకటీ నిశ్శబ్దమే. వెళ్లిపోయేదాకా అందులోనే ఉన్నాను. నెల రోజులు ఉండాలనుకునేవాళ్లు గదిని మధ్యాహ్నం చూసి సరేననకండి. రాత్రి పది తర్వాత మళ్లీ వెళ్లి, ఏసీ ఆపి, కిటికీ మూసి రెండు నిమిషాలు నిలబడండి. ఇంకేం అడగక్కర్లేదు.

లోపలి చప్పుడు వేరే. వరండా అంతా టైల్సు, తలుపులకి స్ప్రింగులు, ఎవరు బయటికెళ్లినా ధడేల్. తలుపు కింద వేలెడు సందు. తువ్వాలు చుట్టి అక్కడ అడ్డం పెట్టేవాణ్ని. చప్పుడు కొంత తగ్గుతుంది, గంజాయి వాసన చాలా తగ్గుతుంది. 2022 జూన్‌లో థాయ్‌లాండ్ గంజాయిని మాదకద్రవ్యాల జాబితాలోంచి తీసేశాక ఈ ఊళ్లో కిళ్లీ కొట్లలా దుకాణాలు వెలిశాయి. 2025 జూన్‌లో మళ్లీ వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలన్నారు. గదిలో పొగ తాగితే జరిమానా అని తలుపు వెనక కాగితం అంటించి ఉంటుంది. దాని కిందే డురియన్ పండు బొమ్మ మీద అడ్డగీత. ఆ పండు వాసన పరుపులకి పడితే వారమైనా పోదు, అందుకని ఆ విషయంలో మాత్రం నిజంగానే ఊరుకోరు.

గది సంగతి. మంచం గట్టిగా ఉంటుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లకి మంచిదే. చిన్న ఫ్రిజ్, నీళ్లు కాచుకునే కెటిల్, గోడకి టీవీ. బాత్రూంలో హెల్త్ ఫాసెట్ తప్పకుండా ఉంటుంది. థాయ్‌లాండ్‌లో ఎంత చవక హోటలైనా ఇది ఉంటుంది, మనవాళ్లకి సగం బెంగ అక్కడే తీరిపోతుంది. కరెంటు 220 వోల్టులే. రెండు పుల్లల ఫోన్ ఛార్జర్ నేరుగా ఎక్కుతుంది. మన మూడు పుల్లల లాప్‌టాప్ ప్లగ్ మాత్రం ఎక్కదు, అడాప్టర్ ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్లండి. కుళాయి నీళ్లు తాగకూడదు. సందు మొదట్లో నాణెం వేస్తే నీళ్లు పట్టుకునే మిషన్ ఉంటుంది, ఒక బాట్‌కి (అక్కడి రూపాయి అనుకోండి) లీటరు చొప్పున. ఖాళీ సీసాలు పారెయ్యకుండా పెట్టుకుంటే రోజూ సీసా నీళ్లు కొనే పని ఉండదు.

అసలు శత్రువు చెమ్మ. సముద్రం గాలి, వానాకాలం, ఏసీ చల్లదనం మూడూ కలిస్తే బట్టల బీరువాలో బూజు పట్టకుండా ఉండదు. వెలుతురు లేని గది కదా, నా తోలు బెల్టు మీద ఆకుపచ్చగా నూగు లేచింది. బీరువా తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచి ఉంచడం, పొద్దున బయల్దేరే ముందు ఫ్యాను వేసి బీరువా వైపు తిప్పి పోవడం, ఈ రెండిటితో నెట్టుకొచ్చాను. ఉతికిన బట్టలు గదిలో ఆరవు. కిలో లెక్కన ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఇచ్చే లాండ్రీలు ప్రతి సందులోనూ ఉన్నాయి, వాళ్లకే ఇచ్చెయ్యండి. బొద్దింకలు పై అంతస్తుల్లో తక్కువ. బల్లులు అంతటా ఉన్నాయి, బల్లిశాస్త్రం నమ్మేవాళ్లకి ఇక్కడ ఏ పనీ మొదలుపెట్టే వీలుండదు.

డబ్బు లెక్క. రోజువారీ అయితే 600 బాట్లు అడిగారు, నెలకి మాట్లాడుకుంటే 9 వేలు. ఈ నెలవారీ బేరం ఆన్‌లైన్‌లో కుదరదు. ఒకటి రెండు రాత్రులకి బుక్ చేసుకుని, వెళ్లాక కౌంటర్ దగ్గర మాట్లాడాలి. నెలవారీలో కరెంటు విడిగా కట్టాలి, యూనిట్‌కి 8 బాట్లు. ఇళ్లకి పడేది దాదాపు దానిలో సగం, తక్కినది యజమానికి లాభం. పాత ఏసీ రాత్రంతా తిరిగితే నలభై బాట్లకి తక్కువ కాదు. గదిలో దిగిన రోజే మీటరు అంకెని ఫోన్‌లో ఫోటో తీసి, వాళ్లకి చూపించండి. నా ముందే ఒక పెద్దాయన మూడు వేల బిల్లు చూసి లబోదిబోమన్నాడు, ఆధారమేమీ లేక చివరికి కట్టాడు. ఇంకొకటి, వీళ్లు అద్దె నోట్లలోనే తీసుకుంటారు. మన కార్డుతో అక్కడి ఏటీఎంలో తీసిన ప్రతిసారీ రెండు వందల బాట్లకి పైనే రుసుము పడుతుంది. తీసేదేదో నెల అద్దె ఒకేసారి తీయాలి.

పాస్‌పోర్టు అడిగితే అనుమానపడొద్దు. విదేశీయుడు దిగిన 24 గంటల్లో ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేయడం అక్కడి 1979 నాటి చట్టం ప్రకారం హోటల్ వాళ్ల బాధ్యత. నకలు తీసుకుని అసలుది వెంటనే ఇచ్చెయ్యాలి. దాన్ని అట్టే పెట్టుకుంటామనే చోట దిగకండి. నెలకంటే తక్కువకి అపార్టుమెంట్ గది అద్దెకిస్తామనే ప్రకటనలు ఇంకా చవగ్గా కనిపిస్తాయి. హోటల్ లైసెన్సు లేకుండా అలా ఇవ్వడం అక్కడ చట్టవిరుద్ధం, ఏదైనా తేడా వస్తే ఆ తలనొప్పి మనకి.

మెట్ల సంగతి కూడా చెప్పాలి. 1997 జూలైలో ఇదే ఊరి జోమ్‌టియన్ వైపు ఒక పెద్ద హోటల్ తగలబడి దాదాపు 90 మంది చనిపోయారు. బిల్లు ఎగ్గొట్టి జారుకుంటారని అత్యవసర ద్వారాలకి తాళాలు వేసి ఉంచారని అప్పట్లో బయటపడింది. అందుకే ఎక్కడ దిగినా మొట్టమొదట వెనక వైపు మెట్లు దిగి చూస్తాను. మా హోటల్లో తలుపు తెరుచుకునేది గానీ రెండో అంతస్తు మలుపులో పాత పరుపులు నిలువుగా పేర్చి ఉన్నాయి. కౌంటర్లో చెప్పాను, మర్నాటికి తీయించారు. రెండు నెలల్లో మళ్లీ చేరాయి. మళ్లీ చెప్పాను. హోటల్ మీద నాకున్న గట్టి ఫిర్యాదు ఇదే. మిగతావన్నీ ఆ అద్దెకి సర్దుకుపోవచ్చు, ఇది మాత్రం కాదు.

మనుషుల విషయంలో వంక పెట్టడానికి లేదు. కౌంటర్లో ఉండే ఆవిడని అందరూ పీ అని పిలుస్తారు, అక్కా అన్నట్టు. ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చినా ఏ గదిలో ఎవరు ఎన్నింటికి లేస్తారో కూడా ఆవిడకి తెలుసు. ప్రతి పొద్దునా హోటల్ ముందు స్థలదేవత కోసం పెట్టిన బొమ్మరిల్లులాంటి చిన్న గుడి దగ్గర దణ్ణం పెట్టి, ఎర్ర ఫాంటా సీసా మూత తీసి, స్ట్రా కూడా వేసి పెట్టేది. స్ట్రా వెయ్యకపోతే ఆ స్థలదేవత ఎలా తాగుతుందన్నట్టు! నేను మాంసం ముట్టనని తెలిశాక, పసుపు జెండా మీద ఎర్ర అక్షరమున్న బండి దగ్గరికి తీసుకెళ్లి వండేవాడికి తనే చెప్పింది. ఆ జెండా ఉన్నచోట ఫిష్ సాస్ కూడా పడదు. వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు, అది మనవాళ్లు కొందరికి వరం, నాకు శిక్ష.

ఏప్రిల్‌లో వెళ్లేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. సోంక్రాన్ దేశమంతటా 13 నుంచి 15 దాకా. పట్టాయాలో అసలు జాతర 19న. ఆ వారమంతా గది గుమ్మం దాటితే నీళ్లు. నేను సుఖుమ్‌విత్ రోడ్డు మీద కంపెనీ వ్యాను ఎక్కాలి. లాప్‌టాప్‌ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, మోటారుసైకిల్ టాక్సీ వెనక కూర్చుని, దణ్ణాలు పెడుతూ వెళ్లేవాణ్ని. దణ్ణం పెట్టినవాడికి బకెట్ నీళ్లు మెల్లగా భుజమ్మీద పోస్తారు, పెట్టనివాడి మొహాన కొడతారు, అంతే తేడా. మెట్లమీద తడీ సుద్దపొడీ కలిసి జారుడుబండే. ఆ వారం రోజువారీ అద్దెలు బాగా పెరుగుతాయి. నెలవారీ వాళ్ల జోలికి మాత్రం రాలేదు.

సెప్టెంబర్, అక్టోబర్ వానలు వేరే రకం. గంట కుండపోతగా కురిస్తే బీచ్ రోడ్డు, సెకండ్ రోడ్డు చెరువులవుతాయి, బీచ్‌లోని ఇసుక కొంత కొట్టుకుపోతుంది. మా సందులో మోకాలి దాకా వచ్చింది. కింది అంతస్తు గదులు అప్పుడు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

సముద్రం పావుగంట నడక. పట్టాయా బీచ్ సాయంత్రం నడవడానికి బాగుంటుంది గానీ, పడవల రద్దీకి ఈతకి మనసొప్పదు. ఈత కావాలంటే ఆదివారం పొద్దున్నే బాలీ హాయ్ రేవుకి వెళ్లి, 30 బాట్ల ఫెర్రీలో కో లాన్ దీవికి పోవడమే. ముప్పావు గంట పడుతుంది. ఊళ్లో తిరగడానికి బాట్ బస్సులు, అంటే వెనక బెంచీలున్న షేర్ బండ్లు, చాలు. బీచ్ రోడ్డు మీద దక్షిణానికి, సెకండ్ రోడ్డు మీద ఉత్తరానికి వెళ్తాయి. మాట్లాడకుండా ఎక్కి, దిగాల్సిన చోట బెల్లు నొక్కి, ఛార్జీకి సరిపడా చిల్లర ఇచ్చెయ్యాలి. ఎంత అని అడిగారా, బండి మొత్తం మీకే కావాలనుకుని రేటు చెప్తాడు.

చిన్నపిల్లలతో గానీ మెట్లెక్కలేని పెద్దవాళ్లతో గానీ వచ్చేవాళ్లకి ఈ సందులు వద్దు, జోమ్‌టియన్ వైపు లిఫ్టు ఉన్నది చూసుకోండి. ఒంటరిగా, పని మీద వచ్చి, రాత్రి తలదాచుకోవడానికి శుభ్రమైన చోటు చాలనుకునేవాళ్లకి మాత్రం ఇంతకంటే తక్కువలో దొరకదు.

ఖాళీ చేసే రోజు మధ్యాహ్నం 12 దాకా ఆగకండి, ఆ వేళకి కౌంటర్ దగ్గర పెట్టెలతో జనం ఉంటారు. వెయ్యి బాట్ల డిపాజిట్ గది చూశాకే ఇస్తారు. శుభ్రం చేసే అమ్మాయి పైకెళ్లి, తువ్వాళ్లు లెక్కబెట్టి, ఏసీ రిమోట్ ఉందో లేదో చూసి, మెట్ల దగ్గర్నుంచి ఓకే అని కేక వేస్తే తప్ప సొరుగు తెరుచుకోదు. పొద్దున తొమ్మిదికే తాళం ఇచ్చేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది.