కొత్త సబ్‌వూఫర్ ‘సెట్ అవుతుందా’? రెండేళ్ల వాడకం తర్వాత

కారులో సబ్‌వూఫర్ (బేస్ కోసమే పెట్టే పెద్ద స్పీకర్, పొట్టిగా సబ్) పెట్టించి రెండేళ్లు దాటింది. కొత్త సబ్‌ను మొదట్లో ఎలా వాయించాలి, అది ‘సెట్’ అవడానికి ఎన్నాళ్లు పడుతుంది అని అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ సమీక్షంతా దాని చుట్టూనే ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త సబ్ కొంత వాయించాక వదులవుతుందన్న మాట నిజమే. కానీ దానివల్ల చెవికి తెలిసే తేడా చాలా తక్కువ. బెంగళూరు జేసీ రోడ్డులో ఏ దుకాణానికి వెళ్లి బేస్ బాగాలేదన్నా ‘టెన్షన్ వద్దన్నా, పదిహేను రోజులు వాయించండి, సెట్ అయిపోతుంది’ అంటారు. పదిహేను రోజులయ్యేసరికి మన చెవి దానికి అలవాటు పడుతుంది, వాపసు ఇచ్చే గడువూ అయిపోతుంది.

నాది హ్యాచ్‌బ్యాక్ కారు. డిక్కీలో 12 అంగుళాల సబ్, దానికి 4 ఓమ్‌ల వాయిస్ కాయిళ్లు (కోన్‌ను ఊపే తీగ చుట్టలు) రెండు. రెంటినీ ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు. సబ్ తట్టుకునేది 400 వాట్ల ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా భరించగల పవర్. పెట్టె మీద అంతకు మూడు రెట్ల అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మోనోబ్లాక్ (ఒకే ఛానెల్) యాంప్, 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కపలకతో చేయించిన 35 లీటర్ల సీల్డ్ బాక్స్, అంటే గాలి బయటికి పోకుండా మూసిన పెట్టె. బ్రాండ్ల పేర్లు కావాలనే రాయడం లేదు, రాస్తే చర్చంతా వాటి మీదికే పోతుంది. ఈ ధరలో దొరికే సబ్‌లన్నీ ఈ విషయంలో ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

అసలు వదులయ్యేది ఏమిటి? మాగ్నెట్ మారదు, కాయిల్ మారదు, కోన్ మారదు. మారేవి రెండే: కోన్ అంచున ఉండే రబ్బరు సరౌండ్, వెనక మడతలు మడతలుగా ఉండే స్పైడర్ అనే గుడ్డ. స్పైడర్‌ను రెజిన్‌లో ముంచి, వేడి అచ్చులో వత్తి తయారుచేస్తారు. అందుకే కొత్తలో అది గంజి పెట్టిన ఖద్దరు చొక్కాలా బిర్రుగా ఉంటుంది. కోన్ ముందుకూ వెనక్కూ ఊగేకొద్దీ ఆ మడతల్లోని రెజిన్ బిగువు సడలుతుంది. ఈ సడలింపు చాలావరకు మొదటి కొన్ని గంటల్లోనే అయిపోతుంది. ఆ తర్వాత మార్పు ఉన్నా నత్తనడకే. రెండు నెలలు, ఆరు నెలలు అని చెప్పేవాళ్ల మాట నాకు నమ్మబుద్ధి కాదు.

నోటిమాటతో వదిలేయకుండా దీన్ని కొలిచి చూశాను. ప్రతి స్పీకర్‌కూ గాలిలో స్వేచ్ఛగా ఊగే సహజ పౌనఃపున్యం ఒకటి ఉంటుంది. డేటా షీటులో ఎఫ్ఎస్ అని రాసేది దాన్నే. కొలవడానికి పెద్ద పరికరం ఏమీ అక్కర్లేదు. ఒక చిన్న యాంప్, వరసలో 100 ఓమ్‌ల రెసిస్టర్, ఫోనులో టోన్ జనరేటర్ యాప్, ఒక మల్టీమీటర్ చాలు. సబ్ టెర్మినళ్ల మీద మీటర్ పెట్టి, టోన్‌ను 20 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. వోల్టేజి ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువ చూపిస్తే అదే ఎఫ్ఎస్. అంత తక్కువ పౌనఃపున్యంలో మామూలు మీటర్ చూపే వోల్టులు కచ్చితంగా ఉండకపోవచ్చు, కానీ మనకు కావలసింది ఎన్ని వోల్టులన్నది కాదు, శిఖరం ఎక్కడ వచ్చిందన్నదే. కొత్తలో నా సబ్‌కు 33 హెర్ట్జ్ వచ్చింది. చాలా నెలల తర్వాత బాక్స్‌లోంచి తీయాల్సి వచ్చినప్పుడు మళ్లీ చూస్తే 29. అంటే గుడ్డ నిజంగానే వదులైంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. సబ్‌ను మనం గాలిలో వేలాడదీసి వినం కదా, బాక్స్‌లో బిగించి వింటాం. సీల్డ్ బాక్స్‌లో బంధించిన గాలి కూడా ఒక స్ప్రింగే, పైగా అది స్పైడర్ కంటే గట్టిది. నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ ఆస్ట్రేలియాలో 1960లు, 70లలో కట్టిన లెక్కలే ఇప్పటికీ బాక్స్‌లు చేసేవాళ్లందరికీ ఆధారం. ఆ లెక్కల ప్రకారం చూసినా, మీటరుతో చూసినా, నా బాక్స్‌లో సబ్ సహజ పౌనఃపున్యం 54 హెర్ట్జ్ నుంచి 52కి దిగింది, అంతే. విడిగా 4 హెర్ట్జ్ మారింది బాక్స్‌లోకి వెళ్లేసరికి 2 అయిపోయింది. నడుస్తున్న కారులో, టైర్ల రొదలో, ఏసీ హోరులో ఆ రెండు హెర్ట్జ్‌ను పట్టగల చెవి నాకైతే లేదు. పోర్టెడ్ బాక్స్ (గాలి ఆడే గొట్టం ఉన్న పెట్టె) వాళ్లకు పరిస్థితి కాస్త వేరు. ఆ గొట్టం ట్యూన్ అయిన పౌనఃపున్యం కంటే కింద కోన్‌కు గాలి ఆసరా ఉండదు కాబట్టి, సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ తక్కువ పౌనఃపున్యాలను ఆపేది) పెట్టుకోకుండా కొత్త సబ్ వాయించకండి. పాతదైనా అంతే.

ఇంకో ముచ్చట. వాతావరణంతో కూడా ఈ గుడ్డ, రబ్బరు బిగుసుకుంటాయి, సడలుతాయి. బెంగళూరులో డిసెంబరు తెల్లవారుజామున ఆఫీసుకు బయల్దేరితే మొదటి రెండు పాటలు బేస్ పొడిగా ఉంటుంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఎండలో పెట్టిన కారు ఎక్కితే మెత్తగా వస్తుంది. సబ్ పాతబడ్డాక కూడా ఇది ఇలాగే ఉంది. చలికాలంలో కొని వేసవి దాకా వాడినవాళ్లు ‘సెట్ అయింది’ అనుకోవడంలో వాతావరణం వాటా కొంత ఉంటుందని నా అనుమానం.

కొందరు సబ్‌ను బాక్స్‌లో పెట్టకుండా నేల మీదే ఉంచి, రాత్రంతా 20 హెర్ట్జ్ టోన్ పెట్టి వదిలేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వెనక గాలి ఆసరా లేనప్పుడు ఏ కొద్ది వాట్లకైనా కోన్ తన హద్దు దాకా వచ్చేస్తుంది. కాయిల్ వెళ్లి వెనక పలకకు టక్ టక్ అని తగులుతుంది. ఆ చప్పుడు కొన్నిసార్లు వినిపిస్తే చాలు, కాయిల్ అంచు నలిగిపోతుంది. పైగా అద్దె ఇంట్లో చేస్తే కింది వాటాలోని ఓనర్ ఆంటీ తెల్లారేసరికి తలుపు తడుతుంది.

నేను చేసింది చాలా మామూలు పని. మొదటి కొన్ని వారాలు గెయిన్ (సిగ్నల్‌ను యాంప్ ఎంత పెంచాలో చెప్పే నాబ్) తగ్గించి, రోజూ వినే పాటలే విన్నాను. గెయిన్ చెవితో పెట్టడం కంటే మీటర్‌తో పెట్టడం మేలు. కావలసిన వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే యాంప్ చివర ఎన్ని వోల్టులు రావాలో తెలుస్తుంది. నా 2 ఓమ్‌లకు 400 వాట్లంటే 28.3 వోల్టులు. సబ్ తీగలు ఊడదీసి, ఈక్వలైజర్, బేస్ బూస్ట్ అన్నీ సున్నాకు తెచ్చి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు దాకా పెంచి, 50 హెర్ట్జ్ టోన్ మీద మీటర్ 20 వోల్టులు చూపే దగ్గర నాబ్ ఆపాను. అంటే 200 వాట్లు. సగం పవరే కదా, బేస్ సగం పోతుందేమో అనుకోకండి. పవర్ సగమైతే తగ్గేది 3 డెసిబెల్స్. పాట మజా ఏమీ పోలేదు. తర్వాత 28కి తెచ్చాను, ఇప్పటికీ అక్కడే ఉంది.

వాసన గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. కొత్తది కాబట్టి కాలిన వాసన వస్తుందని దుకాణాల్లో చెబుతారు. బాక్స్ జిగురు, కార్పెట్ వాసన మొదటి వారం రావడం వేరు. గట్టిగా వాయించినప్పుడు వార్నిష్ మాడుతున్నట్టు వచ్చే వాసన వేరు. అది కాయిల్ వేడెక్కి దాని పూత కమురుతున్న వాసన. చాలాసార్లు కారణం యాంప్ క్లిప్ అవడం, అంటే తన శక్తికి మించి పెంచినప్పుడు సిగ్నల్ కొనలు తెగిపోవడం. రాగి వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, వంద డిగ్రీలు పెరిగితే దాదాపు 40 శాతం ఎక్కువ. అప్పుడు బేస్ తగ్గినట్టు అనిపించి మనం ఇంకా పెంచుతాం. అలా పెంచే కాలబెట్టుకుంటారు. కాయిల్‌కు ఏ అలవాటూ పట్టదు, ఉంటే చల్లగా ఉంటుంది, లేకపోతే కాలుతుంది.

ఇక నిజంగా శబ్దాన్ని మార్చినవి వేరే ఉన్నాయి. మొదటిది ఫేజ్, అంటే సబ్, మిగతా స్పీకర్లు కలిసికట్టుగా ఊగుతున్నాయా, ఎదురుబొదురుగానా అన్నది. సబ్ ప్లస్, మైనస్ తీగలు తారుమారు చేసి విన్నాను. ముందు తలుపుల్లోని స్పీకర్లతో సబ్ కలిసే 80 హెర్ట్జ్ దగ్గర, అప్పటిదాకా డిక్కీలోంచి వస్తున్నట్టున్న బేస్ డ్యాష్‌బోర్డు దగ్గరికి వచ్చేసింది. నిమిషం పని. ఏ కారులో ఏ వైపు బాగుంటుందో వినే తేల్చుకోవాలి.

రెండోది బాక్స్ లీకు. లో టోన్ పెట్టినప్పుడు ఎక్కడో ‘స్స్’ మని సన్నగా వినిపించేది. ఇంట్లో ఊదుబత్తి వెలిగించి బాక్స్ అంచుల వెంట తిప్పాను. అంతటా నిటారుగా లేచిన పొగ, వెనక తీగలు దూరే టెర్మినల్ కప్పు మూల దగ్గరికి రాగానే టోన్‌తో పాటు లోపలికీ బయటికీ వణికింది. సబ్ తీసింది దానికోసమే. కప్పు చుట్టూ సిలికాన్ పూసి, ఒక రోజు ఆరనిచ్చి, లోపల కొద్దిగా పాలీఫిల్ దూది పెట్టి మూశాను. బేస్ బిగువు ఆ రోజు పెరిగినంతగా అంతకుముందు ఏ నెలలోనూ పెరగలేదు. ఎండీఎఫ్‌లో బిగించిన స్క్రూలు కూడా మొదటి నెలలో కొంచెం వదులవుతాయి. వాటిని ఒకసారి చూసుకోండి, మరీ బిగిస్తే మాత్రం చెక్క రాలిపోతుంది.

మూడోది గలగలలు. నంబర్ ప్లేటు, డిక్కీ మీది ట్రే, టెయిల్ ల్యాంపు వైరు, అన్నీ పాడతాయి. నంబర్ ప్లేటు వెనక ఫోమ్ టేపు, డిక్కీ తలుపు లోపల బ్యుటైల్ షీటు (వణుకును ఆపే రబ్బరు పొర) వేశాక పాటలోని బేస్ మాత్రమే మిగిలింది.

తీగ విషయంలో మాత్రం నాకు కోపం పోలేదు. బిగించిన దుకాణంలో స్వచ్ఛమైన రాగి అని చెప్పి డబ్బు తీసుకుని బ్యాటరీ నుంచి యాంప్‌కు 4 గేజ్ కేబుల్ వేశారు. సిల్క్ బోర్డు దగ్గర సిగ్నల్‌లో ఏసీ వేసుకుని ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే, ప్రతి దెబ్బకూ హెడ్‌లైట్లు మిణుకుమనేవి. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటే తక్కువ కాబట్టి కొంత మిణుకు మామూలే అనుకున్నా, మరీ ఎక్కువగా ఉంది. కేబుల్ చివర ఒక పోగు తీసి చాకుతో గీకితే పైన రాగి రంగు, లోపల తెల్లటి అల్యూమినియం. పూత పోసిన ఆ తీగ కరెంటును మోసేది రాగితో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. దుకాణంలో అడిగితే ‘అందరికీ ఇదే వేస్తాం’ అన్నారు. వేరేచోట రాగిది కొని మార్పించాను. బ్యాటరీకి అడుగున్నర లోపు ఫ్యూజ్, ఎర్త్ బోల్టు దగ్గర పెయింటు గీకి మెరిసే ఇనుముకు బిగింపు, ఈ రెండూ నా కళ్లముందే చేయించాను. మిణుకు చాలావరకు తగ్గింది.

రెండేళ్ల తర్వాత సబ్ ఎలా ఉందంటే, రబ్బరు సరౌండ్ మెత్తగా, పగుళ్లు లేకుండా ఉంది. దుమ్ము పట్టినప్పుడల్లా తడి గుడ్డతో తుడవడమే దాని సేవ. చెన్నైలో ఉండే మా బావ పాత సబ్‌కు ఫోమ్ సరౌండ్ ఉండేది. ఆ ఉక్కపోతకు, ఎండకు అది వేలితో తాకితే రాలిపోయేంతగా పాడైంది. సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లు రబ్బరుదే చూసుకోవడం మంచిది.

వినడం మాటకొస్తే, డప్పు దరువు దెబ్బ పడి వెంటనే ఆగిపోవాలి, సీల్డ్ బాక్స్‌లో అలాగే ఆగుతుంది. మృదంగం ఎడమవైపు గంభీరమైన నాదం, పాత పాటల్లోని డబుల్ బేస్ నడక, రెండూ విడివిడిగా తెలుస్తాయి. గుండె అదిరిపోవాలి, పక్క కారువాడు తిరిగి చూడాలి అనుకునేవాళ్లకు ఇది చాలదు, వాళ్లు పోర్టెడ్ బాక్స్ చూసుకోవాలి. 44వ నంబర్ హైవే మీద అనంతపురం దాకా నాలుగు గంటలు విన్నా తల నొప్పి రాకపోవడమే నాకు కావలసింది, అది దొరికింది.

మిగిలిన లోటు చోటు ఒక్కటే. పండక్కి ఊరికి వెళ్లేటప్పుడు డిక్కీలో సగం ఈ బాక్సే ఉంటుంది, బియ్యం మూటలు, అమ్మ ఇచ్చే పచ్చడి జాడీలు వెనక సీటు ఎక్కుతాయి. అందుకే బాక్స్‌కు తిప్పితే ఊడే స్పీకాన్ ప్లగ్ పెట్టించాను. ఇప్పుడు ఊరెళ్లే ముందు రాత్రి బాక్స్‌ను ఇంట్లో దించేస్తున్నాను, ఒక్కడే ఎత్తగలిగే బరువే. ఆ ప్లగ్ ఒక్క తీరులోనే కూర్చుంటుంది కాబట్టి తిరిగి పెట్టేటప్పుడు ప్లస్, మైనస్ మారిపోతాయన్న బెంగ కూడా లేదు.