వాలెన్సియానా, గ్రనాడానా? స్పెయిన్‌లో ఏళ్ల తరబడి ఉండేవాళ్లకి ఏది మేలు

మాడ్రిడ్, బార్సిలోనా అద్దెలు చూసి గుండె ఆగినంత పనయ్యాక చాలామంది అడిగే ప్రశ్న ఇదే. చూడ్డానికి రెండూ గొప్ప ఊళ్లే. కానీ నాలుగు రోజులు తిరిగి రావడం వేరు, అక్కడే వండుకుని తిని బతకడం వేరు. నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే: ఏ ప్రత్యేకతా లేని మంగళవారం మధ్యాహ్నం మీ కంచంలో ఏముంటుంది?

గ్రనాడా బలమంతా సాయంత్రాల్లో ఉంది. పానీయం చెప్తే తపా, అంటే చిన్న పళ్లెంలో వచ్చే తినుబండారం, ఉచితం. మామూలు బార్లో ఒక్కో గ్లాసు మూడు యూరోల అటూ ఇటూ, మూడు విడతలు తాగితే రాత్రి భోజనం అయిపోయినట్టే. మద్యం ముట్టనివాళ్లు మోస్తో అడగొచ్చు, అది పులియబెట్టని ద్రాక్షరసం. కాఫీకి మాత్రం సాధారణంగా తపా రాదు. నవాస్ వీధి పర్యాటకులతో కిక్కిరిసి ఉంటుంది. ఊరివాళ్లు తినేది చూడాలంటే సైదీన్ పేటకి వెళ్లండి.

చిక్కేమిటంటే, చాలా బార్లలో తపా ఏదో వాళ్లే నిర్ణయిస్తారు. వచ్చేది ఎక్కువగా రొట్టె, వేపుడు, పందిమాంసం. శాకాహారులు "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అంటే చాలదు. హమోన్ (ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పందితొడ) ముక్కల్ని, ట్యూనా చేపని చాలామంది మాంసం కింద లెక్కేయరు. "సోయ్ బెహెతారియానో, సిన్ హమోన్ ని అతూన్" (శాకాహారిని, హమోన్, ట్యూనా వద్దు) అని విడమరిచి చెప్పాలి. నిశ్చింతగా తినాలంటే డబ్బిచ్చి వంకాయ వేపుడు తెప్పించుకోవడం మేలు. పల్చటి వంకాయ ముక్కలు కరకరలాడేలా వేయించి, మీద చెరకు పాకం పోస్తారు. అద్భుతంగా ఉంటుంది. అయినా వారంలో ఐదు రాత్రులు తపాలతో గడిపేస్తే కూర అనేది ఒంటికి పట్టదు.

వాలెన్సియా మధ్యాహ్నపు ఊరు. చుట్టూ వూయెర్తా అనే కూరగాయల మడులు, దక్షిణాన పది కిలోమీటర్ల దూరంలో అల్బుఫెరా సరస్సు, దాని చుట్టూ వరిపొలాలు. 1928లో ప్రారంభమైన సెంట్రల్ మార్కెట్ సోమవారం నుంచి శనివారం వరకు మధ్యాహ్నం మూడింటిదాకా ఉంటుంది, ఆదివారం సెలవు. రుసాఫా, కబన్యాల్ పేటలకి వేరే మార్కెట్లున్నాయి. వంకాయ, టమాటా, వెడల్పు చిక్కుళ్లు అక్కడే దొరుకుతాయి. వెడల్పాటి పెనంలో వండే ఇక్కడి అన్నం పాయెయా. అందులో వేసే గర్రొఫో గింజలు మన డబుల్ బీన్స్ జాతివే.

పాయెయా వండేటప్పుడు బియ్యం దగ్గరే కొత్తవాళ్లు తప్పులో కాలేస్తారు. బొంబా రకం దాదాపు మూడింతల నీళ్లు పీలుస్తుంది, రెండు నిమిషాలు ఆలస్యమైనా మెత్తబడదు. సెనియా రకం రుచిని బాగా పట్టుకుంటుంది గానీ గడువు దాటితే ముద్దయిపోతుంది. మొదటిసారి బొంబాతోనే మొదలుపెట్టండి. మనిషికి 100 గ్రాములు, మొత్తం సుమారు 18 నిమిషాలు: సగం సేపు పెద్ద మంట, తర్వాత సన్న సెగ. బియ్యం పరిచాక గరిటె పెట్టొద్దు. కలిపితే గంజి దిగి జిగురవుతుంది, అడుగున సొకర్రాత్ కట్టదు. ఆ ఎర్రటి మాడు కోసమే ఇక్కడ పోటీపడతారు.

అద్దె ఇళ్లలో కరెంటు గాజు పొయ్యిలే ఎక్కువ. వాటి మీద పెద్ద పెనం పెడితే నడుమ ఉడుకుతుంది, అంచులు పలుకుగా మిగులుతాయి. ఇద్దరికి సరిపడా చిన్న పెనం వాడండి, లేదా మట్టిపాత్రలో శనగలు, బంగాళాదుంప, వెల్లుల్లితో ఆర్రొస్ అల్ ఫొర్న్ (ఒవెన్‌లో చేసే అన్నం) చేసుకోండి. ఒవెన్ అన్నివైపులా సమంగా వేడినిస్తుంది. అసలు వంటకంలో పందిమాంసం ఉంటుంది, మానేసినా బాగానే కుదురుతుంది. పప్పుచారుకి మాత్రం ఈ పొట్టి బియ్యం పనికిరాదు, దానికి బాస్మతి కొనుక్కోవాలి.

వండే ఓపిక లేని రోజు మెనూ దెల్ దియా ఉంది, అంటే హోటళ్లలో ఒకే ధరకి పెట్టే ఆ రోజు భోజనం. మొదటి వంటకం, రెండోది, రొట్టె, పానీయం, చివర తీపో కాఫీయో కలిపి సుమారు 12 నుంచి 16 యూరోలు. ఒకటిన్నరకి ముందు వెళ్తే వంట సిద్ధంగా ఉండదు, మూడున్నర దాటితే మంచివి అయిపోతాయి. ఈ మెనూ గ్రనాడాలోనూ ఉంది, కాకపోతే వాలెన్సియాలో మొదటి వంటకంగా అన్నం తరచు వస్తుంది. కూరగాయల అన్నమే అయినా "కాల్దో" (అన్నం ఉడికించే రసం) దేనితో కాచారో అడగండి, ఎముకల రసం కావచ్చు. ఆగస్టులో చాలా హోటళ్లు మూసేస్తారు.

సాన్ సెబాస్టియన్ పించోలు (తపా లాంటి చిరుతిళ్లు) తినడానికి వెళ్లి రండి, అద్దె భారం, వాన ఎక్కువ. మాడ్రిడ్‌లో లావాపియెస్ పేట బంగ్లాదేశీ దుకాణాలు చింతపండు, మినప్పప్పు కొరత తీరుస్తాయి, అంతవరకే.

చలి సంగతి కూడా చూసుకోండి. గ్రనాడా 700 మీటర్ల ఎత్తున ఉంది, శీతాకాలపు రాత్రులు సున్నా దగ్గరికి పోతాయి, హీటింగ్ ఖర్చు అద్దెకి కలిపి లెక్కేయాలి. వాలెన్సియాలో అంత చలి లేకపోయినా ఇళ్లలో చెమ్మ ఉంటుంది. ఒక ఏడాది చదువుకైతే, చేతిలో డబ్బు తక్కువైతే గ్రనాడా చాలు. రెండేళ్లు దాటి ఉండేవాళ్లకి నా ఓటు వాలెన్సియాకే. రుసాఫా అద్దెలు పెరిగిపోయాయి కాబట్టి ముందు బెనిమక్లేత్ పేట చూడండి: మెట్రో, ట్రామ్ రెండూ ఉన్నాయి, పేట చివర్లోనే కూరగాయల మడులు మొదలవుతాయి.