పలుగురాయి దుమ్ముకి రాణిగంజ్‌లో కొన్న రబ్బరు మాస్క్, 8 నెలలు వాడాక నా రివ్యూ

మా ల్యాబ్ మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంటది. నా పని శాంపిల్ ప్రిపరేషన్, అంటే గనుల నుంచి క్వారీల నుంచి సంచుల్లో వచ్చిన రాళ్ళని జా క్రషర్లో పగలగొట్టి, పల్వరైజర్లో పిండి చేసి, 200 మెష్ జల్లెడ పట్టి, పొట్లాలు కట్టి కెమిస్టులకి ఇవ్వడం. ఐరన్ ఓర్ వస్తది, సున్నపురాయి వస్తది, కానీ ఎక్కువగా వచ్చేది పాలమూరు వైపు పలుగురాయి. అది దాదాపు మొత్తం సిలికానే. ఆరేళ్ళు నేను మెడికల్ షాపులో దొరికే నీలం రంగు మాస్కే పెట్టుకుని ఈ పని చేసిన.

మా బాపు గోదావరిఖనిలో బొగ్గు బాయిల పని చేసి రిటైర్ అయిండు. పోయిన దసరాకి ముందు హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులున్నడు. ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చి మొహం కడుక్కుంటుంటే ముక్కులోంచి తెల్లగా పిండి ముద్దలా వచ్చింది, అది చూసి "బాయిల నీళ్ళు కొట్టకుంట డ్రిల్లు పెట్టనియ్యకపోతుండె, నువ్వేమో పొడి రాయిని పిండి జేస్తున్నవ్, మూతికి ఈ కాగితమా బిడ్డా" అన్నడు. ఆ శనివారమే రాణిగంజ్ పోయిన.

షాపు పేరు, మాస్క్ కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే రకం మాస్కులు నాలుగైదు కంపెనీలు చేస్తయి, రాణిగంజ్ గల్లీల్లో సేఫ్టీ సామాను షాపులు కూడా చాలా ఉన్నయి, నేను చెప్పేది ఈ రకం మాస్క్ గురించి. రబ్బరుతో చేసిన హాఫ్ మాస్క్, ముక్కు నుంచి గదవ కింద దాకా మూస్తది, రెండు పక్కలా గులాబీ రంగు గుండ్రటి ఫిల్టర్లు తిప్పి బిగించాలి. ఫిల్టర్ గ్రేడు పీ100. మాస్క్, ఒక జత ఫిల్టర్లు కలిపి ₹2,600 తీసుకున్నరు.

నేను పోయి ఎన్95 ఉందా అని అడిగిన. షాపాయన ఇస్తా అనలేదు, "ఏం దుమ్ము భయ్యా, రోజుకి ఎన్ని గంటలు?" అని అడిగిండు. చెప్పిన. అప్పుడు ఇది తీసి చూపిచ్చి, ముందు నా గడ్డం చూసి, షేవ్ చేసుకుని రా, సైజు అప్పుడు చూద్దాం అన్నడు. ఆదివారం షాపు ఉండదు కాబట్టి మళ్ళీ సోమవారం పర్మిషన్ పెట్టి పోయిన, ఆ రోజు కోపమొచ్చింది గానీ ఆయన చేసింది వంద శాతం కరెక్ట్ అని ఇప్పుడు చెప్తున్న. మూడు సైజులుంటయి. మీడియం పెట్టి, రెండు ఫిల్టర్ల మీద అరచేతులు గట్టిగా మూసి గాలి లోపలికి పీల్చమన్నడు, మాస్క్ మొహానికి అతుక్కుని అట్లనే నిలబడాలి. తర్వాత ముందు ఉన్న గాలి వదిలే వాల్వ్ మూసి మెల్లగా ఊదమన్నడు, అంచుల నుంచి గాలి జారకూడదు. ముక్కు దగ్గర కొంచెం జారింది, పట్టీలు సర్ది మళ్ళీ చేయించిండు. ఇప్పుడు రోజూ పెట్టుకున్న ప్రతిసారి ఇది చేస్తున్న, పది సెకన్ల పని.

ఇంత ఎందుకు అంటే, మనం పట్టే 200 మెష్ జల్లెడ కన్ను 75 మైక్రాన్లు, ఇంచుమించు మనిషి వెంట్రుక మందం. ఊపిరితిత్తుల్లో లోపలి దాకా పోయే దుమ్ము 10 మైక్రాన్ల కంటే చిన్నది, మరీ లోతుకి పోయేది 4 మైక్రాన్ల లోపు. అది కంటికి కనపడదు, గాలిలో గంటల తరబడి తేలుతది. మిషన్ ఆగింది, దుమ్ము దిగింది, మాస్క్ తీద్దాం అని మనం అనుకునే టైంలోనే అసలుది గాలిలో ఉంటది. సిలికోసిస్ అంటే సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, అది ఒకసారి వస్తే నయం చేసే మందు లేదు, దానికి తోడు టీబీ వచ్చే అవకాశం పెరుగుతది, ఎక్స్‌రేలో టీబీ అనుకుని ఆ మందులే వాడుతూ పోయినవాళ్ళు కూడా ఉన్నరు. 1997లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పని చోట పీల్చే స్ఫటిక సిలికాని క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. అహ్మదాబాద్‌లో ఉన్న జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్ళు రక్తంలో సీసీ16 అనే ప్రోటీన్ తగ్గుదల చూసి ముందుగానే పట్టుకునే టెస్టు తయారు చేసిండ్రు, అది మన దగ్గర రాళ్ళ పని చేసే ప్రతి చోటికి రావాలని నా కోరిక.

ఈ మాస్కుల కథ కూడా గనుల నుంచే వచ్చింది, బాపుకి చెప్తే చాలా సంతోషపడ్డడు. అమెరికాలో 1907లో మోనోంగా బొగ్గు గని పేలి 362 మంది చనిపోయిండ్రు, 1910లో అక్కడి ప్రభుత్వం గనుల భద్రత మీద పరిశోధనకి బ్యూరో ఆఫ్ మైన్స్ పెట్టింది. 1930లో వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ అనే చోట కొండలో సొరంగం మొదలుపెట్టిండ్రు, సిలికా నిండా ఉన్న రాయిలో నీళ్ళు లేకుండా డ్రిల్లింగ్ చేయించిండ్రు, కూలీలు వందల మంది సిలికోసిస్‌తో పోయిండ్రు. దుమ్ము మాస్కులకి మొదటి పరీక్షా ప్రమాణం ఆ బ్యూరోనే 1934లో తెచ్చింది. 1996లో బ్యూరో మూతపడ్డంక గని కార్మికుల ఆరోగ్యం, భద్రత పరిశోధన నియోష్ అనే సంస్థకి పోయింది. ఎన్95, పీ100 అనే పేర్లు 1995లో నియోష్ పెట్టిన పద్ధతి నుంచి వచ్చినయి. పీ100 అంటే నూనె తుంపర్లున్నా పాడవదు, గాలిలో కణాల్ని 99.97 శాతం ఆపాలి. పరీక్ష 0.3 మైక్రాన్ల సైజు దగ్గర చేస్తరు, ఎందుకంటే పెద్ద కణం నేరుగా పోయి ఫిల్టర్ పోగుకి గుద్దుకుంటది, మరీ చిన్నది అటూ ఇటూ కదులుతూ ఏదో పోగుకి తగుల్తది, ఈ మధ్య సైజే తప్పించుకుపోయేది. ఫిల్టర్ మీద టీసీ-84ఏ తో మొదలయ్యే నియోష్ ఆమోదం నంబర్ ఉందా చూసుకోండి, అది లేకుండా గులాబీ రంగు ఒక్కటే చూసి కొనకండి.

వాడకం సంగతి. మొదటి వారం కష్టమే, ముక్కు మీద అచ్చు పడుద్ది, మే నెలలో అయితే లోపల చెమట కారుతది, గంటన్నరకి ఒకసారి దుమ్ము లేని రూముకి పోయి తీసి తుడుచుకోవాల్సిందే. మాట్లాడితే పక్కవాడికి అర్థం కాదు, క్రషర్ చప్పుడులో అసలే కాదు, మేము చేతి సైగలు పెట్టుకున్నం. కానీ పదో రోజు నుంచి ముక్కు చీదితే నీళ్ళే, తెల్లది రావట్లేదు.

రబ్బరు భాగం మామూలు సబ్బు నీళ్ళతో కడిగి నీడలో ఆరేస్తున్న. ఫిల్టర్ని మాత్రం కడగొద్దు. మా దగ్గర ఒక తమ్ముడు మంచిగా చేద్దామనే ఫిల్టర్లకి కంప్రెసర్ గాలి కొట్టిండు, లోపలి పోగులు చెదిరిపోతే ఇక అది ఫిల్టరే కాదు, పైగా ఆపిన దుమ్మంతా మళ్ళీ రూములోకే వచ్చింది. బట్టల మీద కూడా కంప్రెసర్ కొట్టకండి. గాలి పీల్చడం బరువు అనిపిస్తే మార్చేయడమే, నాకు జత నెల వచ్చేది.

గడ్డం సంగతి విడిగా చెప్పాలి. కార్తీకంలో మా ఆపరేటర్ అన్న అయ్యప్ప మాల వేసుకున్నడు, 41 రోజులు షేవింగ్ ఉండదు. గడ్డం మీద ఈ మాస్క్ పెడితే అంచు కూర్చోదు, గాలి దారి చూసుకుని పక్క నుంచి వస్తది, ఫిల్టర్ ఎంత గొప్పదైనా వేస్ట్. అందరం మాట్లాడుకుని ఆ 41 రోజులు అన్నని తూకం, లేబుల్స్ రూముకి మార్చి ఆయన మిషన్ నేను చూసుకున్న. దీక్షకి భంగం లేదు, ఊపిరికి నష్టం లేదు.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. మా ఇంటి ఓనర్ అంకుల్ సెప్టిక్ ట్యాంక్‌లోకి మనిషిని దింపుతా, నీ మాస్క్ ఒకసారి ఇవ్వు అని అడిగిండు. ఇవ్వలేదు. ఈ మాస్క్ దుమ్మునే ఆపుతది, విషవాయువుని ఆపదు, ఆక్సిజన్ ఇవ్వదు. బాపు వాళ్ళు బాయిలకి దిగేటప్పుడు నడుముకి సెల్ఫ్ రెస్క్యూయర్, అంటే ప్రమాదంలో ఊపిరి నిలబెట్టే పరికరం, కట్టుకునేది, గాలి పరీక్ష చేసినంకనే ముందుకు పోయేది, అది వేరే సామాను, వేరే చదువు. అంకుల్‌ని కూర్చోబెట్టి అరగంట చెప్పిన, చివరికి మిషన్ బండి పిలిపిచ్చిండు.

అయిదుకి నాలుగు ఇస్తున్న. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించిన అంటే, జనవరిలో మా దగ్గర కొత్తగా చేరిన చెల్లెకి మీడియం వదులైంది, స్మాల్ సైజు రాణిగంజ్‌లో నాలుగు షాపులు తిరిగినా లేదు, చెప్పి తెప్పించడానికి రెండు వారాలు పట్టింది, అన్ని రోజులు ఆమెని పల్వరైజర్ దగ్గరికి పోనివ్వలేదు. ఆడవాళ్ళు కూడా ఈ పనుల్లో ఉన్నరు, షాపువాళ్ళు ఆ సైజు పది పీసులైనా పెట్టుకోవాలి.

మా సార్ మాస్కులు అందరికీ కొనిచ్చిండు కదా ఇక చాలు అంటే నేను ఒప్పుకోలేదు, దుమ్ము పుట్టిన చోటనే లాగేయాలి, మాస్క్ ఆఖరుది. మూడు సార్లు అడిగితే మార్చిలో పల్వరైజర్ మూత దగ్గర సక్షన్ డక్ట్ పెట్టించిండు. అప్పటి నుంచి నెలకి అయిపోయే ఫిల్టర్ జత రెండు నెలలు వస్తుంది. ఇప్పుడు క్రషర్‌కి కూడా పెట్టమని అడుగుతున్న.