బకాయి వసూలుకు కోర్టు బయట దారులు: మన దగ్గర, సింగపూర్‌లో

ప్రపంచ బ్యాంకు 2020 వ్యాపార సౌలభ్య నివేదికలో ఒప్పందాల అమలుకు మన దేశానిది 163వ స్థానం. ఒక వాణిజ్య దావా తేలడానికి ఇక్కడ 1,445 రోజులు, సింగపూర్‌లో 164 రోజులు అని లెక్కగట్టారు. ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు ఇరుపక్షాలకు చెందని ఆర్బిట్రేటర్ తీర్పు చెప్పడం), మీడియేషన్ (మధ్యవర్తి సాయంతో రాజీ)లకు దేశాలిచ్చే మద్దతుకు విడిగా 3 మార్కులు పెట్టారు. చట్టం ఉందా, ఒప్పందంలో రాసుకున్న ఆర్బిట్రేషన్ క్లాజును (షరతును) కోర్టులు అమలు చేస్తాయా, రాజీకొస్తే డబ్బు కలిసొస్తుందా అని చూశారు. సొమ్ము రావాల్సినవాళ్లు అడగాల్సింది మాత్రం వేరు: అవతలి పక్షం రాకపోతే ఏమవుతుంది?

మన దగ్గర 3 లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య దావాకు ముందు వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ కింద మీడియేషన్ తప్పనిసరి. అత్యవసర ఉత్తర్వు కోరే దావాలకే మినహాయింపు. 2022 ఆగస్టు 20 నుంచి ఈ మెట్టు ఎక్కకుండా వేసిన దావా తిరస్కరణకు గురవుతుంది. న్యాయసేవాధికార సంస్థలో ఫారం-1, 1,000 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయాలి. మీడియేటర్ ఫీజు 3-10 లక్షల వివాదానికి 15,000, 3 కోట్లు దాటితే 75,000; ఇరుపక్షాలూ చెరిసగం. గడువు 3 నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో 2. ఆ కాలం దావా వేయాల్సిన గడువు (లిమిటేషన్) లెక్కలోకి రాదు. రాజీ కుదిరితే దానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో (తీర్పుతో) సమానమైన బలం.

ఇంత చవకైన సేవ దొరకడం కష్టం. దెబ్బతినేది నోటీసు దగ్గరే. ప్రతివాది జవాబివ్వకపోయినా, చెప్పిన తేదీకి రాకపోయినా ‘మొదలే కాలేదు’ అని ఫారం-3 చేతికిస్తారు, ఇక దావా వేయడమే. రానివారికి ఆ నియమాల్లో జరిమానా లేదు. నిజంగా బేరం కుదుర్చుకోవాలనుకునే ఇద్దరికే ఇది పనికొస్తుంది.

సింగపూర్ ఈ లోపాన్ని వరుస మార్చి సరిచేసింది. ముందు అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రంలో కేసు వేస్తారు, కేసు వినే ట్రిబ్యునల్ ఏర్పడ్డాక దాన్ని ఆపి 8 వారాల మీడియేషన్‌కు పంపుతారు. కుదిరితే ఆ రాజీనే అవార్డుగా రాయించుకోవచ్చు, విదేశీ అవార్డుల అమలుకు కుదిరిన న్యూయార్క్ ఒప్పందంలోని 170కి పైగా దేశాల్లో దాని అమలు కోరవచ్చు. కుదరకపోతే ఆగిన కేసు ఆగినచోటి నుంచే నడుస్తుంది. మొహం చాటేసినవారికి కలిసొచ్చేదేమీ లేదు. 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో 10 లక్షల సింగపూర్ డాలర్లలోపు వివాదాలకు 3 నెలల సరళ విధానం కూడా ఉంది. అయినా 20 లక్షల రూపాయల బకాయికి అక్కడిదాకా వెళ్లడం శుద్ధ దండగ.

అలాంటి బకాయికి మన దగ్గరే గట్టి దారి ఉంది. అమ్మినవారు సూక్ష్మ, చిన్న సంస్థ అయితే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం కింద, ఇలాంటి బకాయిల వివాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. రాజీ విఫలమైతే కౌన్సిలే ఆర్బిట్రేషన్ చేపడుతుంది లేదా వేరే సంస్థకు అప్పగిస్తుంది. ఆలస్యానికి బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. అవార్డును సవాలు చేయాలంటే కొన్నవారు ముందు 75 శాతం కోర్టులో జమచేయాలి. ఉద్యమ్ నమోదు (ఈ సంస్థలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్) మాత్రం సరఫరాకు ముందే పూర్తి చేసుకోవాలి. తర్వాత చేయించుకుంటే ఆ అర్హత మీదే పోరాటం మొదలవుతుంది.

ఈ చట్టం వర్తించనివారు ఒప్పందంలోని ఆర్బిట్రేషన్ క్లాజు మీదే ఆధారపడాలి. ‘మా ఎండీ నియమించినవారే ఏకైక ఆర్బిట్రేటర్’ అన్న పాత వాక్యం సుప్రీంకోర్టు 2019 పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పుతో చెల్లదు. దాన్ని అలాగే ఉంచితే నియామకం కోసమే హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. దాని బదులు ఒక సంస్థ పేరు (హైదరాబాద్‌లో 2021లో మొదలైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం సహా), సీటు (ఆర్బిట్రేషన్‌కు చట్టపరమైన వేదికయ్యే ఊరు), ఆర్బిట్రేటర్ల సంఖ్య, వర్తించే చట్టం, ఈ నాలుగూ ఆర్డరు ఒప్పుకునే రోజే రాయించుకోండి.